పిల్లల డిటెక్టివ్ కథలో దోషి దొరక్కపోతే ఏం చెప్పాలి?

రాలీ_నాన్న

మా అమ్మాయికి పదకొండేళ్లు. డిటెక్టివ్ కథల పిచ్చి. మొన్నటిదాకా తప్పిపోయిన కుక్కపిల్ల, మ్యూజియంలో దొంగతనం లాంటివి చదివేది. ఈ మధ్య లైబ్రరీ ఆవిడ వేరే వరస అందిస్తున్నారు. అన్నిటిదీ దాదాపు ఒకటే అల్లిక. ఈ కాలపు పిల్ల ఎవరో అటక మీద పాత ఉత్తరమో ఫొటోనో చూస్తుంది. దాని వెంట పడితే కథ 1950ల నాటి అమెరికా దక్షిణాది ఊరికి వెళ్తుంది. అక్కడ ఒక నల్లజాతి కుటుంబానికి ఏదో జరిగి ఉంటుంది, ఊళ్లో ఎవరూ నోరు విప్పరు. మన పిల్ల డిటెక్టివ్ ఒక్కో ముడీ విప్పుకుంటూ పోతుంది. పుస్తకాల పేర్లు అడగడం లేదు, ఎవరూ చెప్పొద్దు కూడా. ఇక్కడ పేరు పడిందంటే ముగింపు కూడా బయటపడుతుంది, మా ఇంట్లో నన్ను బతకనివ్వరు.

నా ఇబ్బంది ఏంటంటే, నిన్న రాత్రి ఒకటి పూర్తిచేసి నా దగ్గరికొచ్చి "మరి పోలీసులు ఎవర్ని పట్టుకున్నారు?" అంది. ఎవర్నీ పట్టుకోలేదు, కథ అలాగే ముగిసింది. "ఇది చీటింగ్ నాన్నా, మిస్టరీ అంటే చివర్లో దొరకాలి కదా" అని అలిగింది. ఆ వెంటనే ఇంకో రెండు ప్రశ్నలు. ఆ కుటుంబం ముందే పోలీసుల దగ్గరికి ఎందుకు వెళ్లలేదు? కథలో ఒక అక్క తెల్లగా ఉంటుంది. ఉత్తరాదికి వెళ్లి తెల్లావిడగా బతికేస్తుంది. మళ్లీ జన్మలో తల్లికి ఉత్తరం రాయదు. "అమ్మకి ఉత్తరం రాస్తే ఏమవుతుంది?" అని అడిగింది.

నేను ఇంటర్ దాకా మన దగ్గర చదివినవాణ్ని. లింకన్ తెలుసు, మార్టిన్ లూథర్ కింగ్ తెలుసు, మధ్యలో ఏం జరిగిందో శూన్యం. మా ఆవిడది ఇంకో అభ్యంతరం. నిజంగా మనుషులు పడ్డ కష్టాన్ని పజిల్ చేసి పిల్లల చేత విప్పించడమేంటి అంటుంది. ఈ దారిలో వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

బద్ధకం_బాబాయ్

పదకొండేళ్లకి ఈ బరువు అవసరమా గురూ? మళ్లీ కుక్కపిల్ల కథలు ఇచ్చెయ్యండి. హైస్కూల్లో ఎలాగూ చెప్తారు. అప్పటిదాకా హాయిగా ఉండనివ్వండి. నా వరకూ నేను పుస్తకం ముయ్యగానే నిద్రపట్టేదే చదువుతా.

కథల_పెద్దమ్మ

బాబాయ్ గారూ, 1960లో న్యూ ఆర్లియన్స్‌లో ఫెడరల్ మార్షల్స్ (కేంద్ర ప్రభుత్వ పోలీసులు) పక్కన నడుస్తుంటే తెల్లవాళ్ల బడికెళ్లిన రూబీ బ్రిడ్జెస్‌కి ఆరేళ్లు. ఒక్క నల్లపిల్ల వచ్చిందని తెల్ల తల్లిదండ్రులు తమ పిల్లల్ని ఆ బడి నుంచి తీసుకెళ్లిపోయారు. ఆ ఏడాదంతా ఆ పిల్ల ఒక్కతే ఒక టీచరు దగ్గర కూర్చుని చదువుకుంది. ఆరేళ్ల పిల్ల మొయ్యగలిగింది, పదకొండేళ్ల పిల్ల చదవలేదా? మీరు నిద్రపోండి.

రాలీ నాన్న గారూ, నేను రిచ్‌మండ్ దగ్గర ఒక లైబ్రరీలో పిల్లల విభాగంలో వాలంటీర్‌ని. ఈ రకం పుస్తకాలు బాగానే చదివాను, తిట్టుకున్నవీ ఉన్నాయి. మీ ఆవిడ అడిగింది అసలు ప్రశ్న, దానికి నా దగ్గర ఒక పరీక్ష ఉంది. కథలోంచి ఆ కాలపు అన్యాయాన్ని తీసేసి చూడండి. అప్పుడు కూడా పజిల్ చక్కగా నిలబడితే, ఆ రచయిత మనుషుల కష్టాన్ని స్టేజి వెనక తెరలా వాడుకున్నట్టే, పుస్తకం పక్కన పెట్టెయ్యండి. ఆ రోజుల చట్టం తెలిస్తే తప్ప ముడి విడిపోని కథ అయితే నిస్సంకోచంగా ఇవ్వండి.

ఉదాహరణకి ఒక పార్కు అనుకోండి. గడ్డి కింద పొడవాటి సిమెంటు అంచు తగులుతుంది. అదేంటి? ఈత కొలను. దాన్ని ఎందుకు పూడ్చారు? పిల్లలు ఎవరైనా మునిగిపోయారేమో, డబ్బులు చాలలేదేమో అని ఎన్ని ఊహించినా జవాబు రాదు. అలబామాలో మాంట్‌గమరీ నగరం నిజంగా చేసిన పని ఇది. తెల్లవాళ్లకే కేటాయించిన పార్కులు అందరికీ తెరవాలని నల్లవాళ్లు కోర్టుకెక్కారు. నగరం 1959లో పార్కులన్నీ అందరికీ మూసేసింది. కొలను పూడ్చేసింది, జూలో జంతువుల్ని కూడా వదిలించుకుంది. తెల్లపిల్లలకి కూడా ఈత లేకుండా పోయింది. పక్కవాడికి దక్కకుండా ఉండటానికి మనది కూడా పూడ్చేసుకుంటారని ఏ పిల్లకీ దానంతటదే తట్టదు. అది తట్టిన క్షణంలోనే మిస్టరీ విడిపోతుంది. పాఠం వేరే చెప్పక్కర్లేదు.

ఇక పోలీసుల సంగతి. షెరిఫ్ అంటే జిల్లా లాంటి కౌంటీకి పోలీసు పెద్ద, ఆయన్ని ఎన్నుకునేది ఓటర్లు. ఓటు నమోదుకి వెళ్తే నల్లవాళ్లకి అక్షరాస్యత పరీక్ష, కొన్ని రాష్ట్రాల్లో ఓటు పన్ను, వీటన్నిటికీ మించి ఉద్యోగం పోతుందనే భయం. మిసిసిపీలో జ్యూరీని, అంటే కేసులో దోషా కాదా తేల్చే మామూలు జనాన్ని, ఓటర్ల జాబితాలోంచే తీసేవారు. అంటే షెరిఫూ తెల్లవాళ్ల మనిషే, జ్యూరీ మొత్తం తెల్లవాళ్లే. 1955లో అక్కడే ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల కుర్రాణ్ని చంపేశారు. నిందితులు ఇద్దర్నీ జ్యూరీ సుమారు గంటలో నిర్దోషులని వదిలేసింది. కొన్ని నెలల తర్వాత ఆ ఇద్దరే ఒక పత్రికకి డబ్బు తీసుకుని, మేమే చంపాం అని చెప్పుకున్నారు. ఒకసారి విడుదలైన కేసులో మళ్లీ విచారణ ఉండదు కాబట్టి వాళ్లకేమీ కాలేదు. ఈ కేసు వివరాలు పాపకి ఇప్పుడే చెప్పమనను, ఆ కుర్రాడి శవం ఫొటోలు అసలే వద్దు. మీరు మాత్రం తెలుసుకుని ఉండండి. "ఎందుకు వెళ్లలేదు?" అంటే, వెళ్తే పోలీసులకి వాళ్ల ఇల్లు ఎక్కడో తెలిసిపోతుంది, అంతే. పాపకి ఆ ఒక్క ముక్క చాలు.

అమ్మకి ఉత్తరం సంగతి నాకు చాలా ఇష్టమైన ముడి. మా వర్జీనియాలో 1924లో జాతి శుద్ధి చట్టం అని ఒకటి తెచ్చారు. రక్తంలో ఆఫ్రికా జాడ ఏమాత్రం ఉన్నా తెల్లవాళ్లు కాదు, అలాంటివాళ్లు తెల్లవాళ్లని పెళ్లి చేసుకుంటే నేరం. జనన మరణాల రికార్డులు చూసే ఆఫీసుకి 1912 నుంచి 1946 దాకా అధిపతి వాల్టర్ ప్లెకర్ అనే డాక్టరు. ఆయన పనల్లా ఎవరి ముత్తాత ఎవరో తవ్వడమే. 1943లో అయితే కౌంటీల వారీగా ఇంటిపేర్ల జాబితా తయారుచేసి, వీళ్లు తెల్లవాళ్లమని చెప్పుకుంటున్నారు, ఓ కన్నేసి ఉంచండి అని స్థానిక ఆఫీసర్లకి పంపాడు. అలాంటి రోజుల్లో తెల్లావిడగా బతుకుతున్న మనిషికి, నల్లవాళ్ల పేట చిరునామాతో అమ్మ దగ్గర్నుంచి కవరు వచ్చిందనుకోండి. పోస్ట్‌మ్యాన్ చూస్తాడు, ఇంటి ఓనరు చూస్తాడు, అత్తగారు చూస్తుంది. ఆమె వెళ్లింది ఉత్తరాదికి కాబట్టి అక్కడ ఈ చట్టం లేకపోవచ్చు. ఉద్యోగం, ఇల్లు, మొగుడు మాత్రం ఆ ఒక్క కవరుతో పోతాయి.

గమనించారా? ఈ రోజు మీ అమ్మాయికి కావాల్సిన క్లూ, ఆ రోజు ఆ మనిషి బతకడానికి కాల్చేసుకున్న కాగితం. అందుకే ఈ కథల్లో క్లూలు అంత తక్కువ, దొరికినవి అంత వంకరగా ఉంటాయి. రచయిత తెలివితేటలు చూపించుకోవడం కాదు, అప్పటి బతుకే అలా ఉండేది.

చివర్లో దోషి దొరకలేదన్న అలక న్యాయమే. నాక్కూడా వస్తుంది. నాకు దానికంటే చిరాకు తెప్పించేది శిలాఫలకం ముగింపు. ఆఖరి అధ్యాయంలో మేయరు వస్తాడు, ఫలకం మీద గుడ్డ తీస్తాడు, అందరూ చప్పట్లు, ఒక మంచి తెల్ల టీచరు కళ్లు తుడుచుకుంటుంది. పోయిన ఇంటి మాట ఎవరూ ఎత్తరు! అలాంటిది చదివితే పాపని "మరి ఆ స్థలం ఇప్పుడు ఎవరిది?" అని అడగండి.

రాలీ_నాన్న

పెద్దమ్మ గారూ, దండం. బ్రేక్‌ఫాస్ట్ దగ్గర ఉత్తరం సంగతి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అయితే ఆ ప్లెకర్ కూడా డిటెక్టివ్ పనే చేశాడు కదా, మరి కథలో పిల్ల చేసేది మంచి పనెలా అయింది?" అంది. నేను ఆఫీసు కాల్ ఉందని పారిపోయాను. నిజంగానే ఉంది, కానీ అంత అర్జెంటు కాదు.

కథల_పెద్దమ్మ

మీ అమ్మాయిని మా రీడింగ్ క్లబ్‌కి పంపండి, మాకు పని తగ్గుతుంది.

ఆ ప్రశ్నని తప్పించకండి, ఆ పిల్ల అడిగింది సరిగ్గా ఉంది. ప్లెకర్ చేతిలో ఉన్నవీ, కథలో పిల్ల చేతిలో ఉన్నవీ అవే కాగితాలు. జనన ధ్రువపత్రం, పెళ్లి రిజిస్టరు, ఇంటిపేర్లు. మా పక్క కౌంటీ, కరోలిన్ కౌంటీలో 1958లో రిచర్డ్, మిల్‌డ్రెడ్ లవింగ్ దంపతుల (ఆయన తెల్లాయన, ఆమె నల్లావిడ) పడగ్గదిలోకి రాత్రివేళ షెరిఫ్ వచ్చాడు. ఏ హక్కుతో కలిసి పడుకున్నారని అడిగితే గోడకున్న పెళ్లి సర్టిఫికెట్ చూపించారు. వాషింగ్టన్‌లో చేసుకున్న పెళ్లి. వర్జీనియా వదిలివెళ్లి అలా పెళ్లి చేసుకుని తిరిగి రావడమే నేరం కాబట్టి వాళ్లు చూపించిన కాగితమే వాళ్ల మీద సాక్ష్యమైంది. ఏడాది జైలు వేసి, పాతికేళ్లు రాష్ట్రం వదిలిపోతే శిక్ష నిలిపేస్తామన్నారు. 1967లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్నే కొట్టేసింది. ఆ కోర్టు ఫైల్లో కూడా అదే పెళ్లి, అవే పేర్లు.

కాబట్టి తేడా కాగితంలో లేదు. ఎవరి తలుపు తడుతున్నాం, దొరికింది ఎవరికి చెప్తున్నాం అన్న దాంట్లో ఉంది. మంచి పుస్తకాల్లో పిల్ల డిటెక్టివ్ ఒక చోట ఆగిపోతుంది. ముసలావిడ ఇంకా బతికే ఉంది, పిల్లలకి నిజం చెప్పలేదు, చెప్పమంటావా వద్దా? ఆ అధ్యాయం లేని పుస్తకం నాకు సగం ఉడికినట్టే ఉంటుంది. మీ అమ్మాయి చదివినదాంట్లో ఆ పిల్ల ఆగి అడిగిందా, లేక ఉత్తరం పట్టుకుని నేరుగా ఊరందరి ముందుకీ వెళ్లిందా? పాపనే చెప్పమనండి.

బద్ధకం_బాబాయ్

నేను నిద్రపోలేదండీ పెద్దమ్మ గారూ, అంతా చదువుతున్నా. ఒక డౌటు. కథ సరే, నిజంగా ఇలాంటి పాత కేసు ఏదైనా కాగితాలు పట్టుకుని తేల్చారా? అన్నీ రచయితల ఊహలేనా?

పాతపేపరు

దీనికి నేను జవాబివ్వగలను. వంశవృక్షాలు వెతకడం నా హాబీ, వారాంతాలు మైక్రోఫిల్మ్ (పాత పేపర్లని చిన్న ఫొటోలుగా తీసిన రీళ్లు) ముందే గడుస్తాయి.

ఓక్లహోమాలో టల్సా. 1921 మే 31, జూన్ 1 తేదీల్లో తెల్లవాళ్ల గుంపు గ్రీన్‌వుడ్ అనే నల్లవాళ్ల పేటని, సుమారు 35 బ్లాకులు తగలబెట్టింది. హోటళ్లు, థియేటర్లు, డాక్టర్ల ఇళ్లు ఉన్న కలిగిన పేట అది. దాని మీద విచారణకి తెల్లవాళ్లే కూర్చున్న గ్రాండ్ జ్యూరీ తప్పంతా నల్లవాళ్లదే అని తేల్చింది. ఇన్సూరెన్స్ కంపెనీలు అల్లర్లలో పోయినవాటికి మేం ఇవ్వం అన్నాయి. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఊళ్లో బడి పుస్తకాల్లో కూడా ఆ మాట లేదు.

ఇప్పుడు మీ అమ్మాయికి నచ్చే ముక్క. గొడవని ఎగదోసిందని చెప్పే వార్త ఆ మే 31 సాయంత్రం టల్సా ట్రిబ్యూన్ పత్రికలో వచ్చింది. తర్వాత పరిశోధకులు మైక్రోఫిల్మ్ తీసి చూస్తే మొదటి పేజీలో సరిగ్గా ఆ వార్త ఉన్నచోట చిరుగు. సంపాదకీయం పేజీలో కూడా ముక్క లేదు. ఫిల్మ్ తియ్యకముందే బైండు పుస్తకంలోంచి ఎవరో చింపేశారు. ఏ నవలా రచయితైనా ఇది రాస్తే మరీ సినిమాటిక్‌గా ఉందని ఎడిటరు కొట్టేస్తాడు. నిజంగా జరిగింది.

ఇంకోటి. చనిపోయినవాళ్లని ఓక్‌లాన్ స్మశానంలో పేరు లేని సమాధుల్లో పూడ్చారన్న మాట ఎప్పటినుంచో ఉంది. 2020లో తవ్వకాలు మొదలయ్యాయి. 2024 జులైలో మొదటి మనిషిని గుర్తించామని నగరం ప్రకటించింది. సి.ఎల్. డేనియల్, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సైన్యంలో పనిచేసిన కుర్రాడు. డీఎన్‌ఏ ఒకవైపు, నేషనల్ ఆర్కైవ్స్‌లో దొరికిన ఉత్తరాలు ఇంకోవైపు. కొడుకు పోయాక తల్లికి రావాల్సిన సాయం కోసం 1936లో ఒక లాయరు మాజీ సైనికుల శాఖకి రాసిన ఉత్తరంలో, ఇతను 1921లో టల్సా అల్లర్లలో చనిపోయాడని ఉంది. డబ్బు కోసం రాసిన అర్జీ ఫైల్లో పడి ఉండి, దాదాపు తొంభై ఏళ్లకి సాక్ష్యమైంది. దోషులు ఎవరూ మిగలలేదు. బతికున్న బాధితులు పరిహారం కోసం వేసిన దావాని కూడా అదే ఏడాది జూన్‌లో ఓక్లహోమా సుప్రీంకోర్టు కొట్టేసింది. అంటే, నెల రోజుల తేడాలో ఒకవైపు పేరు దొరికింది, ఇంకోవైపు న్యాయం దొరకలేదు. మీ అమ్మాయి "చీటింగ్" అన్నది పుస్తకాన్ని కాదు, దీన్ని అనాలి.

రాలీ_నాన్న

చింపిన పేజీ సంగతి చెప్పానంతే, హోంవర్కు అటకెక్కింది. ఎవరు చింపారు, ఎందుకు చింపారు, ఇంకో కాపీ ఎక్కడైనా ఉండాలి కదా అని నా ప్రాణం తీస్తోంది. మేముండే ఊరు గురించి తనే వెతకాలట. మేం ఉత్తర కరోలినాకి వచ్చి ఎంతో కాలం కాలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? పాత కేసులూ హత్యలూ వద్దు, చిన్నపిల్ల చెయ్యగలిగేది చెప్పండి.

మా ఆవిడ కూడా ఇది చదివింది. పెద్దమ్మ గారి పరీక్ష బాగుంది కానీ, పజిల్ విప్పేసిన సంతోషంలో మనుషుల్ని మర్చిపోతారేమోనన్న తన సందేహం అలాగే ఉందని చెప్పమంది.

కథల_పెద్దమ్మ

సందేహం ఉండనివ్వండి, ఆవిణ్ని ఒప్పించాలని నాకు లేదు. ఇంట్లో ఒకరైనా అలా అడ్డం పడేవాళ్లుండాలి.

పాతపేపరు

చిన్నపిల్ల చెయ్యగలిగేవి మూడు చెప్తాను.

రెడ్‌లైనింగ్ మ్యాపులు. 1930లలో ప్రభుత్వ గృహరుణ సంస్థ నగరాలకి రంగులు వేసింది. పచ్చ, నీలం, పసుపు, ఎరుపు. నల్లవాళ్లున్న పేటలు ఎరుపు, అంటే అప్పులివ్వడం ప్రమాదం అని. యూనివర్సిటీ ఆఫ్ రిచ్‌మండ్ వాళ్లు వీటిని ఆన్‌లైన్లో పెట్టారు, ఉచితం. మీ నగరం అందులో ఉంటే ఇప్పటి మ్యాపుతో పక్కపక్కన పెట్టి చూడమనండి. హైవే ఎక్కడినుంచి పోయిందో కూడా చూడమనండి.

జనాభా లెక్కలు. అమెరికాలో ఇంటింటి వివరాలు 72 ఏళ్లు దాచి ఉంచుతారు. 1950 నాటివి 2022 ఏప్రిల్‌లో బయటకొచ్చాయి, నేషనల్ ఆర్కైవ్స్ సైట్లో పేరుతో వెతకొచ్చు. ఒక వీధి తీసుకుని ఎవరెవరు ఏ పని చేసేవారో రాసుకుంటే చాలు. చేతిరాత చదవడానికి మీరు పక్కన కూర్చోవాలి.

నాకు ఇష్టమైనది మాత్రం సిటీ డైరెక్టరీ. ఫోన్ బుక్ లాంటిదే, కానీ మనిషి పేరు, ఉద్యోగం, ఇంటి నంబరు అన్నీ ఉంటాయి. దక్షిణాది డైరెక్టరీలు చాలావాటిలో నల్లవాళ్ల పేరు పక్కన బ్రాకెట్లో చిన్న సి అక్షరమో, చుక్కగుర్తో పెట్టేవారు. ఒకే వీధిలో ఆ గుర్తు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతుందో చూస్తే, ఊరు ఎక్కడ రెండుగా విడిపోయిందో తెలిసిపోతుంది. పదేళ్ల తర్వాతి డైరెక్టరీ తీసి అదే వీధి చూస్తే ఎవరు మిగిలారో, ఎవరు పోయారో తెలుస్తుంది. అక్కడ నిజమైన ప్రశ్న పుడుతుంది. పుస్తకంలో పిల్లకి దొరికిన ఉత్తరం కంటే మంచి ప్రశ్న.

మెయిన్ లైబ్రరీలో స్థానిక చరిత్ర గది ఎక్కడుందో కనుక్కోండి. వెళ్లి 1950ల డైరెక్టరీ అడగండి, పెన్సిల్ మాత్రమే తీసుకెళ్లండి, చాలాచోట్ల పెన్ను లోపలికి రానివ్వరు. పుస్తకం చేతికి రాగానే పేర్లలోకి దూకకుండా ముందు పేజీల్లో ఉండే సంకేతాల పట్టిక చదివించండి. ఆ గుర్తుకి అర్థం ఏంటో అక్కడే అచ్చేసి ఉంటుంది.